రెండో కార్డు

అక్టోబరు 16, గురువారం

ప్రియమైన డేల్,

మార్లీన్ రాస్తున్నాను. ఇక్కడ నేనూ, టెస్సా, మీ అమ్మా ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ చేతి వంట తిని ఓడ నడిపే ఆ ఇరవైమందీ క్షేమమని తలుస్తాను. ఎప్పుడూ "అందరం బాగున్నాం" అని మొదలుపెడతాను కదా, ఈసారి ఆ మాట రాయబోతే చెయ్యి రాలేదు. ఆరోగ్యంగా ఉన్నామన్నది మాత్రం నిజం. ప్రస్తుతానికి దానితో సరిపెట్టుకో.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవన్నీ వరసగా చెబుతాను. హీటర్ బాగానే పనిచేస్తోంది. పొగగొట్టం నేనే దులిపి రెండు రోజులు దగ్గాను. మంచు టైర్లు ఇంకా వేయించలేదు, వచ్చే వారం వేయిస్తాను, కోప్పడకు. నువ్వు లేకపోయినా శనివారం శనివారం మన ఆవిరిస్నానపు గది, సౌనా, కాగుతూనే ఉంది, కట్టెలు టెస్సాయే చీలుస్తోంది. పిల్ల రెండంగుళాలు సాగింది. పోయినేటి కోటు తొడిగితే చేతులు మణికట్టు దాకా కూడా రావడం లేదు. "దీనికి వాళ్ళ నాన్న పోలికే, ఇంకో రెండేళ్ళకి గుమ్మాలు ఎత్తు చేయించుకోవాలి" అంది మీ అమ్మ. అడవి బెర్రీలతో జామ్ ఏడు సీసాలు పెట్టాను. నీ వాటా రెండు, ఎవరూ ముట్టుకోరు.

ఇక రెండు ప్రశ్నలు మిగిలాయి. "అమ్మ స్కౌట్ పని ఎందుకు మానేసింది? బుర్ర పనిచేయడం లేదని రాసింది, ఏమిటది?" అని ఒకటి. "టెస్సా ఉత్తరం ఈసారి రాలేదేం? నా మంచం పక్క గోడ దాని కోసం ఎదురుచూస్తోంది" అని ఇంకొకటి. రెంటికీ జవాబు ఒకటే. అది రాయడానికే సోమవారం నుంచీ కాగితం ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఇప్పటికి మూడు ఉత్తరాలు పొయ్యిలో వేశాను. వాటిలో మీ అమ్మకి మోకాలినొప్పి, టెస్సాకి జలుబు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే నేను మాట మార్చేస్తాను డేల్. నా సంగతి నాకు ఈమధ్య బాగా తెలిసొచ్చింది.

మన ఇంటి బడి నీకు తెలిసిందే. వంటింటి బల్లే తరగతి గది. పంతులమ్మను నేనే, హెడ్మాస్టర్ను నేనే, గంట కొట్టే బంట్రోతునూ నేనే. ఇటు స్కౌట్ దళానికీ పెద్దను నేనే. ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పద్ధెనిమిది మంది ఆడపిల్లలు. వారానికి రెండు సాయంత్రాలు చర్చి కింది హాల్లో, నెలకో శనివారం అడవిలో. మంగళవారం మీటింగుకి సోమవారమంతా సామాను సర్దాలి, శనివారం నడకకి శుక్రవారం దారి చూసి రావాలి. మరి టెస్సా చదువెప్పుడు? దానికి నేనో ఉపాయం కనిపెట్టాను. కుకీలు అమ్మితే లెక్కలు. నిప్పు రాజేస్తే సైన్సు. మ్యాపు చూడటం భూగోళం, ముడులు వేయడం చేతిపని. వాననీళ్ళు పట్టి డబ్బాలో కొలిచినా ఏదో ఒక పాఠం కింద రాసి సంతకం పెట్టేదాన్ని. స్కౌట్ పుస్తకంలో "ఈ పిల్లకి ఈ పని వచ్చు" అని సంతకం పెట్టేదీ నేనే. అడిగేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. పోయిన వసంతంలో నాకు ఉత్తమ నాయకురాలని ఫలకం ఇచ్చారు, నువ్వు ఓడలో అందరికీ చెప్పుకున్నానన్నావు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఆ ఫలకం తీసి అటకమీద పడేశాను.

సెప్టెంబరు ఇరవయ్యేడున ఆకురాలు కాలపు నడక పెట్టుకున్నాం. ఆ నడక పద్ధతి నువ్వు మీ అమ్మ దగ్గర చిన్నప్పటి నుంచీ చూసిందే. పొద్దున్నే ఆవిడ వెళ్ళి దారి పొడుగునా చెట్లకు ఎర్ర ఉన్నిదారంతో కార్డులు కడుతుంది. తర్వాత ఎటు తిరగాలో కార్డు మీద ఉంటుంది. పెద్దపిల్ల ఒకతి చిన్నవాళ్ళని వెంటబెట్టుకుని, కార్డు విప్పి, పైకి చదివి, దాన్ని తీసుకుని ముందుకు నడిపించాలి. పెద్దవాళ్ళెవరూ వెంట వెళ్ళరు, చివర్లో కాఫీ ఫ్లాస్కులతో కూర్చుంటారు. ఈ ఏడు ఆ పెద్దపిల్ల టెస్సా. వెంట ఐదుగురు చిన్నపిల్లలు.

ఏటా రెండో కార్డు దగ్గర ఎడమకి తిరిగి బురదనేల అంచు వెంట పోతాం. ఈసారి బీవర్లు చెట్లు కొరికి పడేసి వాగుకి అడ్డంగా కట్ట కట్టేసి ఆ దారంతా ముంచేశాయి. శుక్రవారం నేనే చూసి వచ్చి రెండో కార్డు మార్చి రాశాను. "ఎడమ దారిలో నీళ్ళున్నాయి. వెళ్ళొద్దు. కుడికి తిరిగి పాత రైలుకట్ట మీదుగా రండి." మార్చిన సంగతి టెస్సాకి చెప్పలేదు. చెబితే పరీక్ష కాదు కదా, మరి నేను నిక్కచ్చి నాయకురాలిని!

రెండింటికి రావలసిన పిల్లలు నాలుగైనా రాలేదు.

ఆరు కావస్తుండగా దొరికారు, బురదనేల అవతల. మగవాళ్ళు పదిమంది వెతికితే, బ్రెన్నా వాళ్ళ నాన్న కర్టిస్‌కి పిల్లల పాట వినిపించిందట. టెస్సా వాళ్ళచేత ఆపకుండా పాటలు పాడిస్తూనే ఉంది. ఏడేళ్ళ బ్రెన్నా నడుం లోతు నీళ్ళలో పడి బూటు పోగొట్టుకుంది. దానికి తన కోటు తొడిగి, వీపున ఎక్కించుకుని నిలబడి ఉంది మన పిల్ల. అంతసేపూ చన్నీళ్ళలో. బ్రెన్నా పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. "ఇంకో గంటయితే ఈ పిల్ల మనకి దక్కేది కాదు" అని అంబులెన్సు మనిషి పక్కవాడితో అన్నాడు. నాకు వినబడాలనే అన్నాడు.

బ్రెన్నా రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. ఇప్పుడు బాగుంది. ముందే చెప్పాల్సింది, నువ్వు ఊపిరి బిగబట్టి చదువుతూ ఉంటావు.

దారి మొదట్లో అందరూ మూగారు. కర్టిస్ టెస్సాని అడిగాడు. "ఎడమకి ఎందుకు తిరిగావు తల్లీ? కార్డు మీద ఏముంది?"

"రెండో కార్డు లేదు" అంది టెస్సా. "నేను ముందు పరిగెత్తుకెళ్ళి చూశాను. చెట్టుకి ఏం లేదు."

అప్పుడు నేను మీ అమ్మ వైపు తిరిగాను డేల్. అంతమందిలో, గట్టిగా అడిగాను. "అత్తయ్యా, రెండో కార్డు కట్టారా లేదా?"

ఆవిడ నావైపూ పిల్లల వైపూ చూసింది. "కట్టాననే... అనుకుంటున్నాను" అంది.

"అనుకోవడమేంటండీ!" అని కర్టిస్ అందుకున్నాడు. "డెబ్బై ఏళ్ళ ముసలావిడ చేతిలో పసిపిల్లల ప్రాణాలు పెడితే ఇంతే మరి."

నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణంలో హాయిగా ఉంది. తప్పు నాది కాదని తేలింది కదా అని.

రెండు రోజుల తర్వాత, సోమవారం బట్టలు ఉతుకుతుంటే టెస్సా ప్యాంటు జేబులో రెండో కార్డు దొరికింది. వానకి తడవకుండా వేసిన ప్లాస్టిక్ కవరు, దానికి ఎర్ర ఉన్నిదారం, మీ అమ్మ వేసే ముడి. టెస్సాని పిలిచాను.

"లేదన్నావు కదే?"

"ఉంది."

"మరి చదవకుండా ఎడమకెందుకు తిరిగావు? నీకేమైనా పిచ్చా?"

"చదవడం నాకు రాదు కదమ్మా" అంది, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "పోయినేడు ఎడమకే తిరిగాం. అందుకని తిరిగాను. మొదటి కార్డు బట్టీగా చెబుతుంటే బ్రెన్నా తొంగి చూసింది, దానికి చదవడం వచ్చు. అది కార్డు చూస్తే నాకు రాదని తెలిసిపోతుంది. అందుకే ముందు పరిగెత్తి జేబులో పెట్టేసుకున్నాను. నీకు తెలుసు కదా నాకు రాదని."

నాకు తెలుసు డేల్. నీకు తెలియదు. ఇదే నేను మూడేళ్ళుగా దాచింది.

రెండో తరగతిలో బడి మాన్పించినప్పుడు బస్సు ప్రయాణం ఎక్కువైందని నీకు చెప్పాను. అది అబద్ధం. డోరిస్ ట్రెంబ్లే టీచరు నన్ను పిలిచి, "పిల్లకి తెలివి బోలెడుంది, కానీ అక్షరాలు దాని కళ్ళముందు నిలవడం లేదు. ప్రత్యేకంగా నేర్పేవాళ్ళ దగ్గర కూర్చోబెడదాం" అంది. నా కూతుర్ని వేరే గదిలో కూర్చోబెడతారా అని నాకు తల కొట్టేసినట్లయింది. నేనే నేర్పుతానని రోషంగా తీసుకొచ్చేశాను. మొదటి ఆరు నెలలు నిజంగానే కూర్చోబెట్టాను. అది ఏడ్చేది, నేను అరిచేదాన్ని. తర్వాత దళం పనిలో పడ్డాను. అక్కడ నేను ఒక్కసారి చెబితే పద్ధెనిమిది మంది నేర్చుకునేవారు, వాళ్ళ అమ్మలు నన్ను మెచ్చుకునేవారు. ఇంటి పుస్తకాలు ముట్టుకోబుద్ధయ్యేది కాదు. "కొందరికి ఆలస్యంగా వస్తుందిలే" అని నాకు నేను చెప్పుకున్నాను. నేను పైకి చదివితే టెస్సా ఒక్కసారి విని అప్పజెప్పేది. నాన్నమ్మకి కథల పుస్తకం మొత్తం చదివి వినిపించిందని నీకు మురిసిపోతూ రాశానే, అది బట్టీ. స్కౌట్ పుస్తకంలో చదువు బ్యాడ్జి ఎదురుగా ఉన్న సంతకం నాది. పెద్దపిల్లగా నడిపించడానికి అర్హురాలని పెట్టిన సంతకమూ నాదే.

ఆ సోమవారమే మీ అమ్మ దగ్గరికి పరిగెత్తి ఉండాల్సింది. నేనేం చేశానో తెలుసా? పదకొండేళ్ళ పిల్ల భుజాలు పట్టుకుని, "ఎవరికీ చెప్పకు, నేను చూసుకుంటాను" అన్నాను. అంతవరకు ఈ విషయంలో అది చెప్పిన అబద్ధం ఒకటే. రెండోది నేను చెప్పించాను.

ఆ గురువారం హాల్లో తల్లిదండ్రుల మీటింగు. మీ అమ్మ లేచి నిలబడింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా మెడలో కట్టుకున్న దళం రుమాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి బల్లమీద పెట్టింది. "మా అక్క ఇంపీకి కూడా మతిమరుపు ఇలాగే మొదలైంది. ఇక నన్ను నమ్మకండి, నన్ను నేనే నమ్మడం లేదు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కార్డు నా చేతిసంచిలో ఉంది. నేనూ చప్పట్లు కొట్టాను.

ఇది చదివి నువ్వు నన్నేమన్నా పడతాను. నాకు ముడి వేయడం నేర్పిన మనిషి ఆవిడ. నీతో పెళ్ళికి ఎన్నో ఏళ్ళ ముందు, ఎనిమిదేళ్ళప్పుడు, ఆ హాల్లోనే నా చేతులు పట్టుకుని నేర్పింది.

మొన్న మంగళవారం జామ్ సీసా ఇచ్చి టెస్సాని నాన్నమ్మ ఇంటికి పంపాను. పావుగంటలో ఎగశ్వాసతో తిరిగొచ్చింది.

"అమ్మా, నాన్నమ్మ గోడల నిండా కాగితాలు అంటించింది. కళ్ళజోడు కనబడటం లేదు, స్టవ్ పక్క కాగితం మీద ఏం రాసుకున్నానో చదివి పెట్టవే అంది. నేను పారిపోయి వచ్చేశాను."

"సరేలే, నేను వెళ్ళి చూస్తాను."

"చూస్తాను చూస్తాను అంటావు! నాన్నమ్మ బుర్రకి ఏం కాలేదని చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే చెప్పేస్తా. నాకు చదవడం రాదని కూడా చెప్పేస్తా. నాకేం సిగ్గు లేదు!"

సిగ్గు లేదని ఏడుస్తూ చెప్పింది. నేను వెళ్ళి చూశాను. "స్టవ్ కట్టేశాను, ఎనిమిదింబావు." "పిల్లికి పెట్టాను." "మందు వేసుకున్నాను. నిజంగా వేసుకున్నాను." ఫ్రిజ్ మీద ఒక కాగితం, "కారు తాళాలు మార్లీన్‌కి ఇచ్చేశాను." మీ అమ్మ సౌనాలో ఉంది, నన్ను చూడలేదు. నేను మెల్లగా తలుపు వేసి వచ్చేశాను. అప్పుడు కూడా పారిపోయాను డేల్.

నిన్న పొద్దున్న వెళ్ళాను, కార్డు తీసుకుని. మీ అమ్మ పేస్టీల లోపల కూరడానికి ముల్లంగిలూ ఆలుగడ్డలూ తరుగుతోంది. కార్డు బల్లమీద పెట్టాను. ఆవిడ రాత చూడలేదు, ముడి చూసింది.

"ఇది నా ముడి."

"అవునత్తయ్యా. రెండో కార్డు. టెస్సా జేబులో ఉంది."

"అంటే నేను కట్టాను."

"కట్టారు."

"కట్టానన్నమాట!" అని కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. లేచి, కాగితాలన్నీ ఒక్కొక్కటీ పీకి ఉండచుట్టి పొయ్యిలో వేసింది. నేను టెస్సా చదువు సంగతి మొత్తం చెప్పాను. "పిచ్చి పిల్ల, ఎంత బరువు మోసిందే" అంది. తర్వాత ఆగి నావైపు తిరిగింది.

"ఇది నీకెప్పుడు దొరికింది?"

"సోమవారం."

"మొన్న సోమవారమా?"

"కాదు. సెప్టెంబరు సోమవారం."

వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "నేను రుమాలు విప్పిన రోజు ఇదెక్కడుంది?"

"నా సంచిలో."

"నువ్వు చప్పట్లు కొట్టావు."

"కొట్టాను."

కత్తి తీసుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. కాళ్ళు పట్టుకుందామని వంగబోతే, "లే, లే. ఆ నాటకాలు నాకు పనికిరావు" అంది. "ముడి తప్పు పడితే ఏం చేయాలని నేర్పాను నీకు?"

"విప్పి మళ్ళీ వేయాలని."

"ఎవరు విప్పాలి?"

"వేసినవాళ్ళే."

"శుక్రవారం మీటింగుకి అందరూ వస్తారు. కర్టిస్ కూడా వస్తాడు. అక్కడ విప్పు. పిల్లని మాత్రం లేపి నిలబెట్టావో, నేనూరుకోను. దాని తప్పు అది నాతో చెప్పుకుంటుంది. నీది నువ్వు చెప్పుకో." కార్డు తీసుకుని తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అంది, "టైర్లు మార్పించుకో. నా తాళాలు నాకిచ్చేయ్."

ట్రెంబ్లే టీచరుకి ఫోన్ చేశాను. ఆవిడ దెప్పుతుందని గుండె రాయి చేసుకున్నాను. "సోమవారం తీసుకురండి, ఇద్దరూ రండి" అంది, అంతే. దెప్పినా బాగుండేది.

రేపు సాయంత్రం ఆరింటికి మీటింగు. నువ్వు ఈ ఉత్తరం విప్పేసరికి అది అయిపోయి ఉంటుంది. నాకు చాలా భయంగా ఉంది. కర్టిస్ ముఖం, బ్రెన్నా వాళ్ళమ్మ ముఖం కళ్ళముందు మెదులుతున్నాయి. దళం పుస్తకాలు మీ అమ్మకి అప్పజెప్పి వస్తాను. నేను చెప్పానో లేదో నన్ను అడగకు. రేవు చేరగానే మీ అమ్మకి ఫోన్ చేసి అడుగు.

ఇంకొక్కటి ఉంది. నీ మంచం పక్క గోడమీద అంటించుకున్న టెస్సా ఉత్తరాలు, వంటగదిలో అందరికీ చదివి వినిపిస్తానంటావే, అవి టెస్సావి కావు. నేను కాగితం మీద రాసిచ్చేదాన్ని, అది బొమ్మ చూసి గీసినట్టు ఒక్కో అక్షరం దించేది. గంటలు గంటలు. "నాన్నా, నిన్న వాగు దగ్గర జింకపిల్లను చూశాను" అన్నది నీకు బాగా నచ్చిందన్నావు. జింకని చూసిన మాట నిజం. మిగతా మాటలు నావి. నిన్ను మోసం చేశాను, నా కూతురి చేత్తో మోసం చేయించాను. అవి చింపేయకు, దాని చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో నేను చూశాను.

ఈసారి ఉత్తరం ఎందుకు రాలేదంటే, నాన్నకి అబద్ధం దించనని మొండికేసింది. కానీ ఇవాళ పొద్దున్న కాగితం వద్దని, ఆ కార్డే తీసుకుని, నన్ను వంటింట్లోంచి బయటికి పొమ్మంది. ముప్పావు గంట పట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒకటి రెండు అటు తిరిగి ఉన్నాయి. నేను దిద్దలేదు. దీనితో పాటు పెడుతున్నాను. గోడమీద చోటు ఖాళీ చేసి పెట్టు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. కోపంగా అయినా సరే జవాబు రాయి.

ఇట్లు,
నీ ముందు తలెత్తడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టే
నీ భార్య
మార్లీన్

(కార్డు వెనకవైపు)

నాన్నా
కార్డు నాన్నమ్మ కట్టింది
నాకు చదవడం రాదు
ఇది నేనే రాశాను
టెస్సా